బరువంతా మోసే చిన్న చక్రాలు: హ్యాండ్ ప్యాలెట్ ట్రక్ రోలర్ల మార్పిడిపై ఒక సమీక్ష

గోడౌన్‌లో హ్యాండ్ ప్యాలెట్ ట్రక్ లాగలేకపోతున్నామని ఎవరైనా చెబితే అందరి చూపూ ముందు పంపు మీదికే పోతుంది. ఆయిల్ కారుతోందా, సీలు పోయిందా, హ్యాండిల్ కొడితే ఫోర్కులు లేస్తున్నాయా అని చూస్తారు. లేస్తుంటే బండి బాగానే ఉందని తేల్చేస్తారు. ఫోర్కుల కిందికి వంగి చూసేవాళ్లు తక్కువ. చాలాసార్లు అసలు జబ్బు ఉండేది అక్కడే. ఫోర్కుల చివర బరువు మోసే రోలర్లు అరిగి, బేరింగులు బిగుసుకుపోయి ఉంటాయి. వాటికి దన్నుగా ఉండాల్సిన చిన్న గైడ్ రోలర్లు ఎప్పుడో ఊడిపోయి, వాటి చోట ఖాళీ పిన్ను రంధ్రాలు మాత్రం మిగిలి ఉంటాయి.

ఆ రోలర్లు మార్చేటప్పుడు ఏ రకం వేయాలి, ఏ కొలత వేయాలి, ఎప్పుడు మార్చాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నదే ఇక్కడి ప్రశ్న. దీని మీద తయారీదారులు ఒక మాట చెబుతారు, విడిభాగాల దుకాణాల్లో మరో మాట వినిపిస్తుంది, మెకానిక్కులకు తమ అనుభవం ఉంది, మనిషి శరీరం ఎంత బలం పెట్టగలదో కొలిచిన పరిశోధకులకు తమ లెక్కలున్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిన విషయం ఒకటే. రోలర్ ఎంపిక ఇప్పుడు ధరను బట్టి, బండి మీద రాసిన టన్నుల సామర్థ్యాన్ని బట్టి జరుగుతోంది. జరగాల్సింది నేలను బట్టి, లాగే మనిషిని బట్టి. రోలర్‌కు కట్టే డబ్బు కొనుగోలు విభాగం లెక్కలో కనిపిస్తుంది. లాగినవాడి నడుము నొప్పి ఆ లెక్కలోకి రాదు.

బండి కింద ఏముందో ముందు చూద్దాం. మామూలుగా దొరికే ట్రక్ 2,500 కిలోలు మోస్తుంది. ఫోర్కుల పొడవు 1,150 మి.మీ. దగ్గర ఉంటుంది, రెండు ఫోర్కుల బయటి అంచుల మధ్య వెడల్పు 550 లేదా 685 మి.మీ. దించినప్పుడు ఫోర్కు ఎత్తు 85 మి.మీ., లేపితే 200 మి.మీ. దగ్గరికి వస్తుంది. హ్యాండిల్ కింద రెండు పెద్ద స్టీరింగ్ చక్రాలు, 180 లేదా 200 మి.మీ. వ్యాసం. ఫోర్కుల చివర్లో బరువు మోసే రోలర్లు, 80 మి.మీ. చుట్టుపక్కల వ్యాసం. ఒక్కో ఫోర్కుకు ఒకే వెడల్పాటి రోలర్ ఉంటే అది సింగిల్, ఒకదాని వెనక ఒకటి రెండుంటే టాండెం. హ్యాండిల్ కొట్టినప్పుడు పంపు ఫోర్కుల వెనక భాగాన్ని లేపుతుంది. అదే సమయంలో ఫోర్కుల లోపల పొడవునా ఉన్న కడ్డీలు ముందు రోలర్ల ఫ్రేమును కిందికి తిప్పుతాయి. రోలర్లు నేలను తన్ని ముందు భాగాన్ని లేపుతాయి. అంటే ఈ రోలర్లు దొర్లడమే కాదు, ఎత్తే పని కూడా చేస్తున్నాయి.

సరుకు ఫోర్కుల మీద సరిగ్గా కూర్చుంటే బరువులో సగానికి పైగా ఈ ముందు రోలర్ల మీదే పడుతుంది. 2,000 కిలోల సరుకులో 1,200 కిలోలు ముందుకు వచ్చిందనుకుంటే ఒక్కో ఫోర్కు మీద 600, టాండెం అయితే ఒక్కో రోలర్ మీద 300 కిలోలు. పెద్ద చక్రాలకు తక్కువ భారం, చిన్నవాటికి ఎక్కువ భారం. పైగా చిన్నవి ఎక్కువ తిరగాలి. వంద మీటర్ల దూరానికి 200 మి.మీ. చక్రం 160 చుట్లు తిరిగితే 80 మి.మీ. రోలర్ 400 చుట్లు తిరుగుతుంది. ముందు రోలర్లు తొందరగా పోవడంలో వింత లేదు.

ఇక గైడ్ రోలర్లు. ఈ విషయంలో జరిగే నిర్లక్ష్యం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది, కాబట్టి కొంచెం విడమరచి చెప్పాలి. 1939లో అమెరికాలో జార్జ్ రేమండ్, విలియం హౌస్ కలిసి పైనా కిందా పలకలున్న ప్యాలెట్‌కు పేటెంటు పొందారు. కింద కూడా పలకలుండటం వల్ల ప్యాలెట్ మీద ప్యాలెట్ పేర్చినా బరువు సమంగా పరుచుకుంటుంది. కానీ ఆ కింది పలక నేల మీద అడ్డంగా పడుకుని ఉంటుంది, లోపలికి వచ్చే ఫోర్కు దాని మీదుగా ఎక్కి దిగాలి. అందుకే ఫోర్కు ముక్కు దగ్గర ఒక చిన్న రోలర్ పెడతారు. అది ముందుగా పలక అంచు మీదికి ఎక్కి ఫోర్కును పైకి తీసుకుంటుంది. బరువు మోసే రోలర్‌కు అటూ ఇటూ ఇంకో రెండు చిన్నవి పెడితే, రోలర్ పలక ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ ఆసరాగా ఉంటాయి. కొన్ని బండ్లలో ఇవి నైలాన్‌వి, కొన్నిట్లో ఇనుపవి. కొన్ని చవక బండ్లలో అసలే ఉండవు.

ఐరోపాలో వాడే 800×1,200 ప్యాలెట్‌కు కింద మూడు పట్టీలు పొడవునా ఉంటాయి. ఇరుకు వైపు నుంచి ఫోర్కు వాటి మధ్య దారిలో అడ్డం లేకుండా వెళ్లిపోతుంది, గైడ్ రోలర్‌కు అక్కడ పని తక్కువ. మన దగ్గర అలా కాదు. 1,200×1,000 ప్యాలెట్లు ఎక్కువ, వాటిలో చుట్టూ కింది పలకలున్నవీ ఉంటాయి. సరుకుతో పాటు వచ్చిన పాత చెక్క ప్యాలెట్లు, స్థానికంగా మేకులు కొట్టి చేయించినవి, ప్లాస్టిక్‌వి అన్నీ ఒకే గోడౌన్‌లో కలిసి ఉంటాయి. అందువల్ల గైడ్ రోలర్ అవసరం మనకే ఎక్కువ, దాన్ని పట్టించుకోనిదీ మనమే.

అది లేని బండితో ఏం జరుగుతుందో ఒక్క మధ్యాహ్నం లోడింగ్ చోట నిలబడి చూస్తే చాలు. ఫోర్కు ముక్కు పలక అంచుకు తగిలి ఆగిపోతుంది. హెల్పర్ రెండడుగులు వెనక్కి వచ్చి, ఊపు తీసుకుని గుద్దుతాడు. రెండో గుద్దుకో మూడో గుద్దుకో ఫోర్కు ఎక్కుతుంది. ఆ దెబ్బకి పలక చీలుతుంది, లేదా మేకు పైకి లేస్తుంది. ఆ మేకే తర్వాత వచ్చే బండి రోలర్‌లో దిగుతుంది. ఫోర్కు పూర్తిగా లోపలికి పోనప్పుడు రోలర్ పలకల మధ్య ఖాళీలో కాకుండా పలక మీదే ఆగుతుంది. అప్పుడు హ్యాండిల్ కొడితే రోలర్ నేలను తన్నాల్సింది పోయి పలకను తన్ని ఊడదీస్తుంది. ప్యాలెట్లు ఊరికే విరిగిపోతున్నాయని గొడవపడే గోడౌన్లలో ముందు చూడాల్సింది ఫోర్కుల ముక్కులనే.

రోలర్ ఏ పదార్థంతో ఉండాలన్నది వ్యాపారంలో పెద్ద చర్చ. పోటీ ప్రధానంగా నైలాన్‌కూ, పీయూ అని అందరూ పిలిచే పాలీయురెథేన్‌కూ మధ్యే. రెండూ ఒకే దశాబ్దపు సంతానం. నైలాన్‌ను 1935లో డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం తయారుచేసింది. పాలీయురెథేన్ రసాయనం 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ చేతుల్లో పుట్టింది.

నైలాన్ గట్టిది. బరువు కింద అణగదు కాబట్టి నున్నటి నేల మీద తేలిగ్గా దొర్లుతుంది. ధర తక్కువ. దుకాణంలో ముందు చేతికిచ్చేది అదే. పీయూ రోలర్‌లో లోపల పోతపోసిన ఇనుప దిమ్మ, అల్యూమినియం దిమ్మ లేదా నైలాన్ దిమ్మ ఉంటుంది, పైన పీయూ పొర అతికించి ఉంటుంది. పొర గట్టిదనం సాధారణంగా షోర్ ఎ కొలతలో 90 నుంచి 95 మధ్య. అది కాస్త అణుగుతుంది, శబ్దం చేయదు, నేలను గీరదు, చిన్న రాయి అడ్డొస్తే మింగేసి ముందుకు పోతుంది. అణిగే గుణం వల్లే అది తిరిగేటప్పుడు కొంత బలాన్ని వేడిగా మార్చి పోగొడుతుంది. అందుకే కేటలాగులన్నీ ఒకే పాట పాడతాయి: తేలిగ్గా దొర్లాలంటే నైలాన్, నేల కాపాడుకోవాలంటే పీయూ.

ఈ సూత్రం అద్దంలాంటి నేల మీద నిజం. మన నేలల మీద సగమే నిజం. కాంక్రీట్ నేలకు కొన్ని మీటర్లకో కోత పెడతారు, ఎక్కడపడితే అక్కడ పగుళ్లు రాకుండా. గట్టి చిన్న చక్రం ఆ కోత అంచును ప్రతిసారీ సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. అంచు పెచ్చులూడి కోత వెడల్పవుతుంది, వెడల్పయ్యే కొద్దీ దెబ్బ పెరుగుతుంది. గట్టి చక్రాలు తిరిగే చోట ఆ కోతల్ని షోర్ ఎ 80కి తగ్గని గట్టిదనం ఉన్న పదార్థంతో నింపాలని అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ మార్గదర్శకాలు చెబుతాయి. నింపకుండా వదిలేసిన పాత గోడౌన్లలో నైలాన్ రోలర్ దొర్లడం తేలికే, కోతలో పడ్డాక బయటికి లాగడమే కష్టం. హెల్పర్ వీపు పట్టేసేది ఆ క్షణంలోనే. అలాంటి నేల మీద నేను పీయూ వైపే ఉంటాను. తిరగడంలో కాస్త బరువనిపించినా సరే.

పీయూ కూడా అన్నిటికీ మందు కాదు. బరువుతో బండిని రాత్రంతా ఒకే చోట నిలిపితే పొర ఒక వైపు చదునవుతుంది. మర్నాడు లాగుతుంటే టకటకమని కొట్టుకుంటుంది. ఎక్కువ బరువుతో ఆపకుండా దూరాలు లాగితే లోపల వేడెక్కి పొరకూ దిమ్మకూ మధ్య అతుకు వదులుతుంది. వాడేసిన అలాంటి రోలర్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే విషయం అర్థమవుతుంది. పొర పెద్దగా అరిగి ఉండదు, మంచి మందంగానే ఉంటుంది. కానీ ఒక అంచు నుంచి తొక్కలా లేచి, కింద ఇనుము తుప్పు రంగులో మెరుస్తుంటుంది. పొరలో ఒక చోట లోహపు రజను, ఇంకో చోట స్టేపుల్ పిన్ను దిగబడి ఉంటాయి. అది అరుగుదల కాదు, అతుకు వైఫల్యం. అలాంటప్పుడు పీయూ మంచిది కాదని నైలాన్‌కు మారిపోతారు. మార్చాల్సింది నిజానికి ఆ సరఫరాదారుని, లేదా బండి మీద వేస్తున్న బరువుని.

పని జరిగే చోటును బట్టి లెక్క ఇంకా మారుతుంది. రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో నేల ఎప్పుడూ తడిగా, ఉప్పగా ఉంటుంది. పీయూలో పాలియెస్టర్ రకం నీళ్లకూ వేడికీ క్రమంగా బలం కోల్పోతుంది. పాలీఈథర్ రకం తట్టుకుంటుంది. దుకాణంలో రెండూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి అడిగి రాయించుకోవాలి. నైలాన్ కూడా నీళ్లు పీల్చి కొంత ఉబ్బుతుంది, బేరింగ్ కూర్చునే గూడు కొలత మారి పట్టు వదలొచ్చు. మైనస్ 18 డిగ్రీల గదిలో ఇంకో సమస్య: మామూలు గ్రీజు గట్టిపడి బేరింగే తిరగనంటుంది. అక్కడ రోలర్ పదార్థం కన్నా గ్రీజు ముఖ్యం.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వైపు మందుల కంపెనీల్లో ఎపాక్సీ నేలలుంటాయి. వాటి మీద గీతలు పడకూడదు, రజను రాలకూడదు, కాబట్టి పీయూ సహజమైన ఎంపిక. కానీ సాల్వెంట్ డ్రమ్ములు కదిలే చోట ఇంకో మాట గుర్తుంచుకోవాలి. నైలాన్‌గానీ మామూలు పీయూగానీ విద్యుత్తును పోనివ్వవు. దొర్లుతుంటే పుట్టే స్థిర విద్యుత్తు బండిలోనే చేరుతుంది. మండే ఆవిరి ఉన్న గదిలో ఒక్క నిప్పురవ్వ చాలు. అలాంటి చోటికి విద్యుత్తును నేలకు దించే ప్రత్యేక రోలర్లు దొరుకుతాయి. పాతవి పోయినప్పుడు వాటి బదులు మామూలువి బిగించడం డబ్బు ఆదా కాదు, ప్రాణాలతో చెలగాటం. ఇక్కడ రాజీకి తావు లేదు. బాలానగర్ లేత్ షెడ్లలాంటి చోట, ఇనుప రజను నేలంతా పరుచుకుని ఉంటే, పీయూలోకి రజను గుచ్చుకుంటుంది. అక్కడ నైలానే మేలు.

మనిషి పెట్టాల్సిన బలం గురించి పరిశోధకులు చెప్పింది ఈ చర్చలో ఎవరూ తలవరు. 1991లో స్టోవర్ స్నూక్, విన్సెంట్ సిరియెల్లో ప్రచురించిన పట్టికలు ఈ రంగంలో ఇప్పటికీ ఆధారం. నెట్టడం, లాగడం విషయంలో అవి బండిని కదిలించడానికి కావాల్సిన బలాన్ని, కదిలాక నడపడానికి కావాల్సిన బలాన్ని విడివిడిగా లెక్కిస్తాయి. ఎంత దూరం, ఎంత తరచుగా, చెయ్యి ఎంత ఎత్తులో, మగవాళ్లా ఆడవాళ్లా అన్నదాన్ని బట్టి హద్దులు మారతాయి. 1999లో అల్-ఐసావి బృందం చేతిబండ్ల మీద చేసిన ప్రయోగాల్లో, కావాల్సిన బలం బరువుతో పాటు పెరుగుతుందని, చక్రం వ్యాసం పెరిగితే తగ్గుతుందని తేలింది. ప్యాలెట్ ట్రక్‌లో వ్యాసం పెంచే వీలు లేదు, ప్యాలెట్ సందులో పట్టాలి కదా. ఉన్న వ్యాసాన్ని అరిగిపోనివ్వకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఒక చిన్న లెక్క. మొత్తం బరువు 2,000 కిలోలు, దొర్లడానికి ఎదురయ్యే నిరోధం అందులో నూటికి ఒక వంతు అనుకుంటే, కదులుతున్న బండిని నడపడానికి 20 కిలోల లాగుడు చాలు. అది నూటికి రెండు వంతులైతే 40 కిలోలు. సరుకు అదే, బండి అదే, మనిషి అతడే. కదిలించేటప్పుడు ఇంకా ఎక్కువ కావాలి. ఆ తేడా తెచ్చేది బిగుసుకుపోయిన బేరింగ్, చదునైన రోలర్, నిండని నేల కోత. గాయమయ్యేంత బరువును ఎవరిచేతా ఎత్తించకూడదు, మోయించకూడదు, కదిలించకూడదు అని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. కదిలించడం అన్న మాటకు మన తనిఖీల్లో దక్కాల్సిన విలువ దక్కలేదు. మూట బరువు అడుగుతారు, బండి లాగడానికి ఎంత బలం పడుతోందో అడగరు.

బేరింగుల సంగతి క్లుప్తంగానే చెప్పొచ్చు. ఈ రోలర్లలో ఎక్కువగా కనిపించేది 6204 రకం: లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మి.మీ. ఎక్కడైనా దొరుకుతుంది. ఇనుప మూత ఉన్న జెడ్‌జెడ్ కన్నా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ రకం దుమ్మూ తడీ ఉన్న చోట ఎక్కువ కాలం వస్తుంది. బేరింగ్ చావుకు కారణం చాలాసార్లు బరువు కాదు, చెత్త. ప్యాలెట్ చుట్టూ చుట్టే స్ట్రెచ్ ఫిల్మ్ ముక్కలు, ప్యాకింగ్ పట్టీలు, గోనె దారాలు యాక్సిల్ చుట్టూ చుట్టుకుని బిగిసి, సీలును కోసి లోపలికి దూరతాయి. వారానికోసారి బండిని పక్కకు వాల్చి ఆ దారాలు కోసేస్తే రోలర్ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది.

కొలత దగ్గర ఒక ఉచ్చు ఉంది. పాత రోలర్ పట్టుకుని దుకాణానికి వెళ్లి అలాంటిదే ఇమ్మంటారు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొట్టు అబ్బాయి కాలిపర్ పెట్టి కొలుస్తాడు. 74 మి.మీ. వస్తుంది, 74దే ఇస్తాడు. నిజానికి అది 80దిగా పుట్టి 74కు అరిగినది కావచ్చు. 74 వ్యాసంతో వచ్చే బండ్లు కూడా ఉన్నాయి కాబట్టి అనుమానం రాదు. ఫలితంగా కొత్త రోలర్‌తో కూడా ఫోర్కు ముందు భాగం 3 మి.మీ. కిందికే ఉంటుంది. ముక్కు దగ్గరి గైడ్ రోలర్ డాక్ ప్లేటు అంచులకు రాసుకుంటుంది, మళ్లీ తొందరగా పోతుంది. బండి మీది ప్లేటు చూసి మోడల్ ప్రకారం కొనడం, అది చెరిగిపోతే ఫోర్కును పూర్తిగా దించి నేల నుంచి పై అంచు ఎత్తు కొలవడం మేలు. వెడల్పు కూడా చూడాలి. టాండెంకు 70, సింగిల్‌కు 93 మి.మీ. తరచుగా కనిపించే కొలతలు.

రెండు ఫోర్కులకూ ఒకేసారి మార్చాలి. పోయిన ఒక్కటే మార్చేస్తే కొత్తది ఎత్తుగా, పాతది పల్లంగా ఉండి బండి ఒక పక్కకు ఒరుగుతుంది, లాగుతుంటే ఒకవైపుకే గుంజుతుంది. సింగిలా టాండెమా అన్నది బండితో పాటు వచ్చిందే తప్ప సులభంగా మార్చగలిగింది కాదు. కొత్త బండి కొనేటప్పుడు మాత్రం, కోతలూ గుంతలూ ఉన్న నేలకు టాండెం తీసుకోవడం మంచిది. ఒక రోలర్ కోతలో పడినా రెండోది నేల మీద ఉంటుంది.

కంపెనీ అసలు భాగమా, బయటి భాగమా అన్న చర్చలో నేను ఏ ఒక్క పక్షమూ పట్టను. బరువు మోసే రోలర్‌కు, ముఖ్యంగా పీయూ అయితే, అతుకు నాణ్యత కంటికి కనిపించదు కాబట్టి తెలిసిన తయారీదారుదే కొనాలి. గైడ్ రోలర్ సంగతి వేరు. అది మీద బరువు లేనప్పుడు, ఫోర్కు దూరేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రమే పని చేస్తుంది. కంపెనీ నుంచి అది రావడానికి వారాలు పడుతుందని ఖాళీగా వదిలేయడం కన్నా, పోత నైలాన్ కడ్డీ కొని లేత్ మీద తిప్పించి వేసుకోవడం నూరుపాళ్లు సరైన పని. పిన్ను రంధ్రం కాస్త వదులుగా, పక్కల ఒకటి రెండు మి.మీ. సందుతో తిప్పిస్తే చాలు. బిగుతుగా తిప్పిస్తే చెక్కపొట్టు ఇరుక్కుని ఆగిపోతుంది, ఆగిపోయిన గైడ్ రోలర్ లేనిదానితో సమానం.

బిగించే పని పెద్ద విద్యేమీ కాదు, అరగంటలో అయిపోతుంది. ఫోర్కుల మీద సరుకు లేకుండా చూసి, హ్యాండిల్ కొట్టి ఫోర్కులు లేపి, కింద చెక్క దిమ్మలు పెట్టాలి. లేదా బండిని పక్కకు వాల్చుకోవాలి. ఫ్రేములో యాక్సిల్‌ను పట్టి ఉంచే చిన్న స్ప్రింగ్ పిన్ను ఉంటుంది. దాన్ని సరిపోయే పంచ్‌తో కొట్టి బయటికి తీయాలి. తుప్పుపట్టి ఉంటే ముందు రోజే నూనె చుక్కలు వేసి పెడితే తేలిగ్గా వస్తుంది. పాత స్ప్రింగ్ పిన్నును మళ్లీ కొట్టకూడదు, అది పట్టు కోల్పోయి ఉంటుంది. యాక్సిల్‌ను వేలితో తడిమితే గాడి పడిందో లేదో తెలుస్తుంది. గాడి పడిన యాక్సిల్ మీద కొత్త బేరింగ్ వేస్తే కొత్తదీ పోతుంది. పక్క వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

ఎప్పుడు మార్చాలన్న దానికి చాలాచోట్ల నియమమే లేదు. విరిగితే మారుస్తారు. ఈ పద్ధతిలో రోలర్ చివరి కొన్ని నెలలూ దాన్ని లాగినవాడి ఒంట్లో జమ అవుతాయి. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో చిన్న గోడౌన్ బదులు పెద్ద గోడౌన్లు కట్టుకునే వీలు కలిగింది. పెద్ద గోడౌన్ అంటే లాగాల్సిన దూరమూ పెద్దదే. పని చేసేవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు మీద వస్తారు, బండి బరువైందని ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలియదు, చెప్పినా పని తప్పించుకోవడానికి అంటున్నారనే మాట పడాల్సి వస్తుంది. అందుకే ఈ విషయం ఎవరి మాట మీదా ఆధారపడకుండా కొలతతో తేలాలి.

అదేమంత ఖర్చుతో కూడింది కాదు. వంద కిలోలు చూపే వేలాడే డిజిటల్ త్రాసు ఒకటి చాలు. తెలిసిన బరువున్న ఒకే ప్యాలెట్‌ను, ఒకే నేల మీద, ఒకే గీత నుంచి, త్రాసును హ్యాండిల్‌కు తగిలించి నెమ్మదిగా లాగాలి. కదిలేటప్పుడు వచ్చిన అంకె ఒకటి, కదిలాక నిలకడగా చూపిన అంకె ఇంకొకటి రాసుకోవాలి. కొత్త రోలర్లు వేసిన రోజు ఇది చేసి, ఆ రెండు అంకెలూ, తేదీ, రోలర్ రకం, కొలత బండి ఫ్రేము మీద పెయింటుతో రాయించాలి. నెలకోసారి మళ్లీ లాగి చూడాలి. అంకె మొదటిదానికి ఒకటిన్నర రెట్లకు చేరితే ఆ బండిని పక్కన పెట్టాలి. రోలర్లు, బేరింగులు, గైడ్ రోలర్లు చూశాకే మళ్లీ వరసలోకి పంపాలి. ఈ ఒకటిన్నర రెట్లు ఏ ప్రమాణంలోనూ లేదు, నేను సూచిస్తున్న హద్దు. తమ నేలను, తమ బరువులను బట్టి ఎవరి హద్దు వాళ్లు పెట్టుకోవచ్చు. త్రాసు పట్టుకుని లాగేది మాత్రం రోజూ ఆ బండి నడిపే మనిషే కావాలి, అంకె రాసే పుస్తకం అతనికి అందుబాటులో ఉండాలి.